నఫ్రీ డెబ్భై రెండు

ఎల్బీనగర్ చౌరస్తాలో దిగినప్పుడు ఉదయం అయిదు నలభై. వాన పడుతోంది. మూడు ట్రక్కులు. డెబ్భై రెండు మంది. సకల జనుల సమ్మె మొదలై మూడో రోజు. రోడ్డు మీద ఒక్క ఆర్టీసీ బస్సు లేదు. విజయవాడ వైపు పోయే దారి తడిసి, ఖాళీగా ఉంది. డివైడర్ పక్కన ఎవరో కాల్చిన టైర్ల తీగలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి.

మాది కేంద్ర బలగం. సైన్యం కాదు కదా అని కొందరు ఇప్పటికీ నన్ను సరిదిద్దుతారు. తుపాకీ ఇచ్చారు, యూనిఫాం ఇచ్చారు, ఇరవై ఒక్క ఏళ్ళు ఇంటికి దూరంగా ఉంచారు. నేను సిపాయినే. సరిదిద్దినవాళ్ళు ఎవరెవరో నాకు గుర్తుంది.

అంతకు ముందు పదకొండు నెలలు అడవిలో ఉన్నాం. అక్కడ ఎదుట ఎవరున్నారో కనిపించేది కాదు. ఇక్కడ కనిపిస్తారు. మాది నల్లగొండ జిల్లా. మా ఊరివాళ్ళు సగం మంది కర్మన్‌ఘాట్, చంపాపేట్ గల్లీల్లో కిరాయి ఇళ్ళలో ఉంటూ ఆటోలు, లారీలు నడుపుతున్నారు. ఈ డ్యూటీ నాకు వద్దని కాగితం పెట్టాను. జవాబు రాలేదు.

కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నా చేతికి మైకు ఇచ్చారు. కంపెనీ కమాండర్ హిందీలో చెబుతాడు. నేను దాన్ని తెలుగులో అరవాలి. 'అయిదు నిమిషాల్లో రోడ్డు ఖాళీ చేయండి. లేకపోతే బలప్రయోగం తప్పదు.' రోజుకు ముప్ఫై నలభై సార్లు అదే మాట. మొదటి రోజు సాయంత్రానికే కంపెనీలో నా పేరు పోయింది. అందరికీ 'మైక్' అయ్యాను.

హెల్మెట్, దాని ముందు అద్దం. ఫైబర్ డాలు. కర్ర. ఛాతీకి, మోకాళ్ళకు రక్షణ తొడుగులు. లీటరు నీళ్ళ సీసా. అన్నీ కలిపి పదకొండు కిలోలని స్టోరు పుస్తకంలో ఉంది. తడిస్తే ఎంతో పుస్తకంలో లేదు. ఉదయం నాలుగున్నరకు లేవడం. అయిదున్నరకు వరుసలో నిలబడడం. ఆరున్నరకు రోడ్డు మీద. సాయంత్రం ఏడున్నరకు తిరిగి ట్రక్కు ఎక్కడం. మధ్యలో కూర్చోవడానికి ఆజ్ఞ లేదు.

బస దిల్‌సుఖ్‌నగర్‌లో. మెయిన్ రోడ్డు వెనక గల్లీలో ఒక కోచింగ్ సెంటరు. సమ్మెతో మూతపడింది. మూడో అంతస్తులో బెంచీలు ఒక మూలకు తోసి, మమ్మల్ని నేల మీద పడుకోమన్నారు. డెబ్భై రెండు మందికి రెండు మరుగుదొడ్లు. తడి యూనిఫాం ఆరేసుకోవడానికి తాడు కట్టుకుంటే, గోడకు మేకులు కొట్టొద్దని సెంటరువాళ్ళు మనిషిని పంపారు. లిఫ్టు ఆగిపోయి ఉంది. లిఫ్టు గుంతలో నడుం లోతు నీళ్ళు. టార్చి వేసి చూశాను. నీళ్ళ మీద పురుగులు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

రెండో రోజు కుళాయి గురించి దరఖాస్తు రాశాను. మూడో రోజు లిఫ్టు గుంత నీళ్ళ గురించి రాశాను. దరఖాస్తు రాయడం నాకు అలవాటు. తప్పు కనిపిస్తే కాగితం మీద పెట్టాలి. నోటి మాటను మర్చిపోయామని అనగలరు. కాగితాన్ని అనలేరు.

కంపెనీతో పాటు ఒక వైర్‌లెస్ ఆపరేటర్ వచ్చాడు. మా బెటాలియన్ వాడు కాదు. సిగ్నల్ విభాగం నుంచి బయలుదేరే రోజే జత చేశారు. ఝార్ఖండ్ మనిషి. సన్నగా, నల్లగా, ఇరవై ఏడేళ్ళుంటాయి. వీపు మీద సెట్టు, నడుముకు అదనపు బ్యాటరీ. మాకున్న బరువుకు మరో పది కిలోలు. మైకూ, వైర్‌లెస్సూ కమాండర్ పక్కనే ఉండాలి. అందుకని రోజుకు పదమూడు గంటలు మేమిద్దరం భుజం భుజం ఆనించి నిలబడేవాళ్ళం.

గంటకోసారి అతను కంట్రోల్‌కు చెప్పేవాడు.

"చీతా కంట్రోల్, చీతా త్రీ. ఎల్బీనగర్ చౌరస్తా. నఫ్రీ డెబ్భై రెండు. సబ్ ఠీక్. ఓవర్."

నఫ్రీ అంటే తలల లెక్క. ఎంతమంది ఉన్నారో అంత. సబ్ ఠీక్ అంటే అంతా బాగానే ఉంది. వానలోనూ అదే, ఎండలోనూ అదే. ఒకసారి కొత్తపేట వైపు నుంచి రాయి వచ్చి ఒకడి మోచెయ్యి పగిలింది. అప్పుడూ సబ్ ఠీక్.

"ఠీక్ కాదని చెప్పడానికి ఏమనాలి?" అని అడిగాను.

"దానికి మాట ఇవ్వలేదు" అన్నాడు.

జనం మా ఎదుట ఇరవై అడుగుల దూరంలో కూర్చునేవారు. వంటావార్పు అని రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినేవారు. పప్పు ఉడికే వాసన నేరుగా మా మీదికి వచ్చేది. వండుతూనే నన్ను తిట్టేవారు.

"ఓ మైకన్నా! జీతం ఢిల్లీల, నోరు నల్లగొండల!"

"ఏం బతుకురా నీది? ఎవల్ల మీద ఒర్రుతున్నవ్?"

హెల్మెట్ అద్దం దించుకుంటే మొహం కనపడదు. కానీ నోరు విప్పితే ఊరు తెలిసిపోతుంది. నేను చెప్పిన మాటలు నావి కావని వాళ్ళకు ఎలా చెప్పాలి? మైకులో అది చెప్పడానికి ఆజ్ఞ లేదు.

సెట్టు బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవడానికి మూడో అంతస్తులో ప్లగ్గులు పనిచేసేవి కావు. కింద వెనక గదిలో ఒక లెక్చరర్ ఉండేవాడు. గ్రూప్స్ పరీక్షలకు ప్రపంచ చరిత్ర చెప్పేవాడు. గుంటూరు వైపు మనిషి. బస్సులు లేక ఊరికి పోలేకపోయాడు. అతని గదిలో ప్లగ్గు పనిచేసేది. సాయంత్రం ఎనిమిదిన్నరకు ఆపరేటర్ బ్యాటరీలు తీసుకుని పోయేవాడు. హిందీ తెలుగు చేయడానికి నేను తోడు పోయేవాణ్ణి.

"మీరు తెలుగువారా అండీ? భలే. ఏ ఊరు?" అన్నాడు మొదటి రోజు.

చెప్పాను. చుట్టూ తిప్పి కులమూ అడిగాడు. టీ ఇచ్చాడు. అతని బల్ల మీద పాత చైనా కవితల పుస్తకాలు నాలుగైదు ఉన్నాయి, ఇంగ్లీషువి. వాటి మీద ఏదో వ్యాసం రాస్తున్నానన్నాడు. రెండు వేల ఏళ్ళ నాటివీ, ఇంకా పాతవీ. యుద్ధం గురించినవి.

"వాటిల్లో సైనికుడికి పేరుండదండీ. గుర్రం ఏ జాతిదో చెబుతారు. కోట పేరు చెబుతారు. నది పేరు, కనుమ పేరు, సేనాధిపతి వంశం పేరు, అన్నీ ఉంటాయి. సిపాయి మాత్రం దండుకు పోయినవాడు. అంతే. పశువుల్ని తోలినట్టు సరిహద్దుకు తోలతారు. తర్వాత ఇసకలో ఎముకలు కనిపిస్తాయి. మధ్యలో మనిషిగా బతికిన కాలం రెండు పాదాలు ఉంటే ఎక్కువ."

నేను ఆపరేటర్‌కు హిందీలో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"తిండి ఏం పెట్టేవాళ్ళట?" అని అడిగాడు.

లెక్చరర్ నవ్వాడు. "తిండి గురించి చాలా ఉంటుందండీ. చాల్లేదనే ఉంటుంది."

"అవి రాసింది సిపాయిలా, ఆఫీసువాళ్ళా?"

"ఎక్కువగా ఉద్యోగస్థులేనండీ. కొన్ని మాత్రం ఎవరు రాశారో తెలియదు."

"అయితే ఎవరు రాశారో తెలియనివే సిపాయిలవి" అన్నాడు ఆపరేటర్. నేను తెలుగులో చెప్పగానే లెక్చరర్ పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు.

అలా తొమ్మిది సాయంత్రాలు పోయాం. సేనాధిపతికి కప్పే చర్మం కోటు గురించి చెప్పాడు. కవితలో గుర్రం చలికి వణికితే కవి జాలిపడతాడు, సిపాయి వణికితే అది వాతావరణ వర్ణన అవుతుంది అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వైర్‌లెస్‌లో మా పిలుపు పేరు చీతా అని తెలిసి చప్పట్లు కొట్టాడు. "చూశారా! ఇప్పటికీ జంతువులేనండీ మీరు." మమ్మల్ని చూస్తుంటే పుస్తకం కళ్ళ ముందు నిలబడినట్టుందన్నాడు.

తొమ్మిది సాయంత్రాల్లో మా ఇద్దరి పేర్లు ఒక్కసారీ అడగలేదు. అప్పుడే గమనించాను. రాసి పెట్టుకున్నాను కూడా.

పద్నాలుగో రోజు ఆపరేటర్‌కు జ్వరం వచ్చింది. డాలుకు ఆనుకున్న నా మోచేతికి అతని చెయ్యి తగిలితే కాలింది. నర్సింగ్ అసిస్టెంట్ తెల్ల మాత్రలు ఇచ్చాడు. పదిహేనో రోజు కళ్ళ వెనక నొప్పి అన్నాడు. పదహారో రోజు అన్నం తినలేదు. ముంజేతుల మీద ఎర్ర చుక్కలు వచ్చాయి. పదిహేడో రోజు ఉదయం పళ్ళు తోముకుని ఉమ్మితే ఎర్రగా ఉంది.

"చిగుళ్ళు" అన్నాడు.

"పడుకో. నేను చెబుతాను."

"సెట్టు ఎవరు మోస్తారు?"

అది అతని భయం. తను లేకపోతే కంపెనీ రోడ్డెక్కదు, పేరు పాడవుతుంది, సిగ్నల్ విభాగంలో మాట వస్తుంది. నా భయం వేరు. మా ఊళ్ళో ఒకరి ఒంటి మీద ఆ చుక్కలు చూశాను. ఆ మనిషి నాలుగు రోజులే ఉన్నాడు. ఆపరేటర్‌ను ఆ రోజే దవాఖానకు చేర్చాలి. అంతకు మించి నాకు ఏమీ వద్దు.

సాయంత్రం ఏడు నలభైకి కమాండర్ గది ముందు నిలబడ్డాను. చేతిలో దరఖాస్తు. కమాండర్ చెడ్డవాడని నేను రాయలేదు, ఎప్పుడూ రాయను. వాన పడితే అతనూ తడిసేవాడు. కాగితం తీసుకుని చదవకుండా బల్ల మీద పెట్టాడు. సొరుగు లాగి ఇంకో కట్ట తీశాడు. అన్నీ నావే.

"ఇది పదకొండోది" అన్నాడు. "మొదటిది కుళాయి. రెండోది లిఫ్టు గుంత. మూడోది ఎవరో నీ బూటు తాడు తీసుకున్నారని. నాలుగోది రోటీ మందం. రోటీ మందం మీద ఒకటిన్నర పేజీ రాశావు, మైక్."

"సాబ్, ఇది వేరు. వాడి నోట్లో నెత్తురు వస్తోంది."

"ప్రతిదీ వేరే అంటావు. ఆరోదీ వేరే అన్నావు."

"ఆరోది కూడా నిజమే సాబ్."

"రేపు పెద్ద ప్రోగ్రాం ఉంది. ఆడవాళ్ళు బతుకమ్మలతో రోడ్డు మీదికి వస్తారు. పైనుంచి ఆర్డరు. నఫ్రీ పూర్తిగా ఉండాలి, సెట్టు రోడ్డు మీద ఉండాలి. ఒకే ఒక్క ఆపరేటర్. ఎల్లుండి చూద్దాం."

"ఎల్లుండి దాకా..."

"పోయి పడుకో."

కాగితం కట్టలో చేరింది. సొరుగు మూశాడు. నేను రాసిన పదీ నిజమే. పదకొండోదీ నిజమే. కానీ ఆ కట్టలో అది పదకొండోది అయింది. రోటీ గురించి రాయకుండా ఉంటే ఇది చదివేవాడా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. రోటీ మందంగా ఉన్న మాట మాత్రం వాస్తవం.

కిందికి దిగి లెక్చరర్ తలుపు కొట్టాను. అతనికి స్కూటరు ఉంది. చైతన్యపురిలో తెలిసిన డాక్టరు ఉన్నాడని ఒకసారి చెప్పాడు.

"ఇప్పుడాండీ? మీ ఆఫీసరుగారి పర్మిషన్ కాగితం ఉందా?"

"లేదు."

"మరెట్లాగండీ? నేను అసలే ఆంధ్రావాణ్ణి. రోజులు ఎట్లా ఉన్నాయో మీరు చూస్తూనే ఉన్నారు. స్కూటరు మీద జవానును ఎక్కించుకుని పోతే అటువాళ్ళు ఆపుతారు, ఇటువాళ్ళు ఆపుతారు. నా మాట వినండి. రేపు అడగండి. ఇస్తారు."

అతని భయం అబద్ధం కాదు. అది కూడా ఒప్పుకుంటాను. తలుపు మెల్లగా వేశాడు. లోపల గొళ్ళెం పడింది.

పద్దెనిమిదో రోజు వాన లేదు. ఎండ. తడి రోడ్డు నుంచి ఆవిరి లేస్తోంది. తొమ్మిది గంటలకే ఆడవాళ్ళు రావడం మొదలైంది. హయత్‌నగర్ వైపు నుంచి, కర్మన్‌ఘాట్ వైపు నుంచి. నెత్తిన పళ్ళేలు, పళ్ళేల్లో తంగేడు, గునుగు, బంతి. పది గంటలకు చౌరస్తా నుంచి కొత్తపేట దాకా రోడ్డు నిండింది. వలయాలుగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఆడుతున్నారు. వేల చేతులు ఒకేసారి కలిస్తే ఆ చప్పుడు డాలుకు తగిలి రొమ్ములో వినిపిస్తుంది.

నేను అరుస్తున్నాను. అయిదు నిమిషాల్లో ఖాళీ చేయండి. ఎవరూ తల తిప్పలేదు.

పదకొండు గంటల రిపోర్టు ఆపరేటర్ సరిగ్గానే ఇచ్చాడు. పన్నెండు గంటల రిపోర్టులో నఫ్రీ చెప్పి ఆగిపోయాడు. కంట్రోల్ నుంచి "రిపీట్, రిపీట్" అని వస్తోంది. సబ్ ఠీక్ అనడానికి పెదాలు కదిలాయి. మాట రాలేదు. పన్నెండూ పదికి మోకాళ్ళ మీదికి వచ్చాడు. తర్వాత పక్కకు. వీపు మీద సెట్టు ఉండడం వల్ల పూర్తిగా వెల్లకిలా పడలేదు. తాబేలులా ఒక వైపుకు వంగి ఆగిపోయాడు. ముక్కులోంచి నెత్తురు.

కమాండర్ చూశాడు. మొహం మారింది. "ట్రక్కు" అన్నాడు. ట్రక్కు మా వెనకే ఉంది. దవాఖాన ముందుంది, కొత్తపేట వైపు. మధ్యలో ఒకటిన్నర కిలోమీటరు బతుకమ్మలు.

నేను మైకు ఎత్తాను. ఆజ్ఞ కోసం చూడలేదు. పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి నా మాట నేను మాట్లాడాను.

"అమ్మా! అక్కా! జర తొవ్వ ఇయ్యిండ్రి. మా తమ్మునికి పాణం బాగలేదు. దవాఖానకు కొంటవోవాలె. మీ కాళ్ళు మొక్కుత."

ముందు వరుస ఆగింది. చప్పట్లు ఒక్కొక్క వలయమే ఆగుతూ పోయాయి. అంత జనంలో అంత నిశ్శబ్దం నేను అడవిలో కూడా వినలేదు. ముందున్న ఒక పెద్దావిడ మా వైపు నడిచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. డాళ్ళ వరుస దగ్గర ఆగి కింద పడినవాణ్ణి చూసింది.

"ఇన్నొద్దులు గదే నోటితోని మమ్మల బెదిరిస్తివి కద బిడ్డా" అంది నాతో. తర్వాత వెనక్కి తిరిగింది. "లేవుండ్రే! బతుకమ్మలు పక్కకు తియ్యిండ్రి! పొల్లగాడు పోతడు!"

ఆడే నడుమ బతుకమ్మను ఎత్తరు. ఆ రోజు ఎత్తారు. రోడ్డు పొడవునా పూల పళ్ళేలు లేచి డివైడర్ మీదికి, ఫుట్‌పాత్ మీదికి పోయాయి. మధ్యలో ఒక బండి పట్టే దారి తెరుచుకుంది. ఆపరేటర్‌ను ట్రక్కులోకి ఎక్కిస్తుంటే ఆ పెద్దావిడ కొంగు తడిపి అతని మొహం తుడిచింది.

"నీ పేరేంది కొడుకా?" అని అడిగింది.

అతనికి స్పృహ ఉంది. తెలుగు రాదు. నా వైపు చూశాడు, ఏమడుగుతోందని. నేను దారి వైపు చూస్తూ అరుస్తున్నాను. "తర్వాత చెబుతా" అన్నాను. ట్రక్కు కదిలింది.

దవాఖానలో కౌంటరు దగ్గర అమ్మాయి అడిగింది. "పేషెంట్ పేరు సార్?"

"ఆపరేటర్" అన్నాను.

ఆమె రాయబోయి ఆగింది. "పేరు సార్."

పద్దెనిమిది రోజులు. రోజుకు పదమూడు గంటలు. అతను పాలు లేని టీ తాగుతాడని తెలుసు. ఎడమ చెవితో సరిగా వినడని తెలుసు. చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకలేదని తెలుసు. పేరు తెలియదు. ఎవరికీ అవసరం రాలేదు. మా కంపెనీలో వంటవాడు వంటవాడే, డ్రైవర్ డ్రైవరే. నేను మైక్. అతను ఆపరేటర్.

ఛాతీ తొడుగు విప్పేశారు. చొక్కా జేబు మీద పలక ఉంది. ఆర్. యాదవ్. అది చదివి చెప్పాను. ఆమె రాసింది. మణికట్టుకు చీటీ కట్టారు. అప్పుడు సమయం ఒంటి గంట.

మర్నాడు ఉదయం ఆరు పదికి పోయాడు. దోమ జ్వరం, నెత్తురు గడ్డకట్టడం ఆగిపోయింది, రెండు రోజుల ముందు తేవాల్సింది అని డాక్టరు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. నన్ను తిడితే బాగుండేది.

ఏడు గంటలకు నన్ను బసకు పిలిపించారు. సెట్టు నా వీపుకు కట్టారు. ఎలా వాడాలో నేర్పారు. ఆన్ చేయడం, నొక్కి మాట్లాడడం, వదిలి వినడం. నేర్పడానికి పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు పదిహేడో రోజు సాయంత్రం కూడా ఉన్నాయి.

ఎనిమిది గంటల రిపోర్టు నేనే ఇచ్చాను.

"చీతా కంట్రోల్, చీతా త్రీ. ఎల్బీనగర్ చౌరస్తా. నఫ్రీ డెబ్భై ఒకటి..."

కంట్రోల్ వేచి ఉంది. మాట పూర్తికాకపోతే వాళ్ళు రిపీట్ అంటారు. "సబ్ ఠీక్. ఓవర్" అన్నాను. అది నేనే అన్నాను.

దవాఖాన చీటీలోని పేరు కంపెనీకి, కంపెనీ నుంచి బెటాలియన్‌కు పోయింది. కమాండర్ సంతకం చేశాడు. అతనికీ పేరు తెలియదు. బెటాలియన్ గుమస్తా జాబితాలో యాదవ్ చిరునామా చూసి ఫోన్ చేశాడు. మీ ఇంటి మనిషి ఆర్. యాదవ్ డ్యూటీలో చనిపోయాడని చెప్పాడు.

"సాబ్, ఆ పేరు నాదే" అన్నాడు ఫోన్ ఎత్తినవాడు.

యాదవ్ మా కంపెనీవాడే, కొత్తగా బదిలీ అయి వచ్చి, వచ్చిన వారానికే సెలవు మీద పోయాడు. ఆపరేటర్ నేమ్‌ప్లేట్ ట్రక్కులో పిన్ను విరిగి పోయిందట. పలక లేకుండా వరుసలో నిలబడితే శిక్ష. స్టోరువాడు సెలవులో ఉన్నవాడి సామానులోంచి ఒకటి తీసి ఇచ్చాడు. చొక్కా మీద పలక ఉందా లేదా అని రోజూ చూసేవారు. పలక మీద ఏముందో చూసే పని ఎవరికీ లేదు. పద్దెనిమిది రోజులు దాని పక్కనే నిలబడిన నేను కూడా చూడలేదు.

అసలు పేరు సుఖ్‌రామ్ మహతో. అది సిగ్నల్ విభాగం నుంచి తెలిసేసరికి ఇంకో రోజు గడిచింది.

రికార్డులో అతను 'బస చేసిన చోట అస్వస్థతకు గురై' చనిపోయినట్టు ఉంది. అతను పడిపోయింది బస చేసిన చోట కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో, వీపు మీద సెట్టుతో, మధ్యాహ్నం పన్నెండూ పదికి. ఆ ఒక్క వాక్యం మార్చమని అప్పటి నుంచి రాస్తున్నాను. పదవీ విరమణ తర్వాతా రాస్తున్నాను. చివరిసారి వచ్చిన జవాబులో నా ఇంటిపేరు తప్పు రాశారు.

లెక్చరర్ వ్యాసం తర్వాత ఒక ఆదివారం పత్రికలో వచ్చింది. పాత చైనా కవితల్లో మనిషితనం కోల్పోయిన సైనికుల గురించి. చివర మా గురించి నాలుగు పేరాలు. 'ఒక జవాను' నిశ్శబ్దంగా చనిపోయాడని రాశాడు. 'ఎవరు రాశారో తెలియనివే సిపాయిలవి' అన్న మాట కూడా ఉంది, ఒక జవాను అన్నాడని. పోయి అడిగాను. పేరు ఎందుకు వేయలేదని.

"పేరు లేకపోతేనే అందరికీ వర్తిస్తుందండీ" అన్నాడు.

నేను అతని టీ తాగకుండా వచ్చేశాను. ఆ వ్యాసం బాగా రాశాడు. అందుకే క్షమించలేదు. నా మీద కూడా ఒక దరఖాస్తు ఉండాలి. అది ఎవరికి పంపాలో ఇప్పటికీ తెలియలేదు.

శవాన్ని ఇంటికి చేర్చే పార్టీలో నన్ను వేశారు. పై నుంచి ఒక అధికారి, నేను, ఇంకో ఇద్దరు. రైలు, తర్వాత వ్యాను. ఊరు చేరేసరికి ఉదయం పది. మట్టి గోడల ఇల్లు, ముందు వరి కళ్ళం. అప్పటికి చనిపోయి మూడు రోజులు. మొహం తెరవొద్దని దవాఖానవాళ్ళు చెప్పి పంపారు. తండ్రి కాగితం అడిగాడు. ఇచ్చాం. పక్కింటి మనిషి చదివి వినిపించాడు. ఆర్. యాదవ్. దాన్ని కొట్టేసి పైన పెన్నుతో సుఖ్‌రామ్ మహతో అని రాసి ఉంది.

"ఇది మావాడి పేరు కాదు. కొట్టేసి రాశారు" అన్నాడు తండ్రి. "మీరు పొరపాటున వచ్చారు. వేరే ఊరికి పోవాలి మీరు."

అధికారి వివరించాడు. సంతకాలు చూపించాడు, ముద్ర చూపించాడు. తండ్రి వినలేదు. అతని మొహంలో ఆశ కనిపించింది. దాన్ని చూడలేక నేను కళ్ళం వైపు తిరిగి నిలబడ్డాను. తల్లి వచ్చి చూసి ఒప్పుకున్న తర్వాతే అంత్యక్రియలు జరిగాయి.

ఇరవై అయిదో రోజున ఎల్బీనగర్‌కు తిరిగి వచ్చాను. పండుగ అయిపోయింది. మళ్ళీ మైకు, మళ్ళీ అదే మాట. సమ్మె ముగిసిన వారానికి మమ్మల్ని అడవికి పంపారు. తెలంగాణ వచ్చింది. నాకూ విరమణ వచ్చింది. ఇప్పుడు బడంగ్‌పేట్‌లో ఉంటున్నాను. ఆ చౌరస్తా మీదుగా వారానికి రెండుసార్లు పోతాను.

కానీ నా కళ్ళ ముందు ఉండేది చౌరస్తా కాదు. ఆ కళ్ళం.

తల్లి పొలం నుంచి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. నేరుగా పెట్టె దగ్గర కూర్చుని, కాళ్ళు చూపించమంది. అధికారి వద్దన్నాడు. ఆమె మళ్ళీ అదే అంది. నేను కాళ్ళ వైపు గుడ్డ విప్పాను. రోజుల తరబడి తడి బూట్లలో నానిన పాదాలు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. కుడి కాలు చిటికెన వేలు పక్కకు వంకరగా తిరిగి ఉంది. చిన్నప్పుడు ఎద్దు తొక్కిందని ఎవరో వెనక నుంచి అన్నారు. ఆమె ఏడవలేదు. ఆ వేలును గుప్పిట్లోకి తీసుకుంది. పేరు పెట్టి పిలిచింది, లోపలి గదిలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు. పెట్టెలోంచి శవాన్ని ఎత్తడానికి నలుగురు వచ్చారు. గుప్పిలి వదలలేదు. పాడె కట్టి, ఎత్తి, కళ్ళం దాటే దాకా ఆమె ఆ వంకర వేలు పట్టుకునే పక్కన నడిచింది.